భద్రమ్మ తపేలా, తూములో దెయ్యం

పడుకోండర్రా, పడుకోండి. లహరీ, ఆ దుప్పటి వాడి మీద కూడా కప్పవే. చందూ, నా మీద కాళ్ళు వెయ్యకు, అసలే మోకాళ్ళు నెప్పులు. కథ చెబుతాను గానీ ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ దార్లో కూలబడిపోద్ది, లేపడం నావల్ల కాదు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక తపేలా ఉండేదంట.

రాజు లేడా అంటావేంట్రా? ఉన్నాడు, ప్రెసిడెంటు కొండలరావు. కిరీటం లేదు గానీ మీసం ఉంది. ఇది మాత్రం తపేలా కథ. ఆ ఊరి పేరు తపేళ్ళవరం. ఆ తపేలా భద్రమ్మది. ఆవిడ పెళ్ళికి పుట్టింటివాళ్ళు సారెలో పెట్టిన స్టీలు తపేలా. చందమామంత నోరు, ఏనుగంత పొట్ట. దాని అంచు మీద "భద్రమ్మ" అని చుక్కచుక్కలుగా పేరు కొట్టించారు.

పేర్లు కొట్టే ఆయన మీరా సాహెబు. సైకిలు మీద ఊరికొచ్చి, నీడ చూసుకుని కూర్చుని, చిన్న ఉలీ చిన్న సుత్తీ తీసి టకటకటకటకా అని కొట్టేవాడు. పేరు లేని గిన్నె ఆ ఊళ్ళో ఉండేది కాదు. ఎందుకంటావా? గిన్నెలు ఒకచోట నిలిస్తేగా! వీళ్ళింట్లో పులుసు కాస్తే వాళ్ళింటికి, వాళ్ళింట్లో గారెలొండితే వీళ్ళింటికి తిరుగుతూనే ఉండేవి. పైగా వచ్చిన గిన్నె ఖాళీగా వెళ్ళకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారో, రెండు రెబ్బల కరివేపాకో వేసి పంపాలి. ఖాళీ గిన్నె పంపితే ఆ ఇంటితో పొత్తు వద్దన్నట్టు లెక్క. ఊ కొడుతున్నారా?

ఆఁ. భద్రమ్మకి రెండిళ్ళ అవతల రత్తమ్మ ఉండేది. ఇద్దరూ ప్రాణానికి ప్రాణం. ఒకనాడు రత్తమ్మ ఇంటికి చుట్టాలు దిగబడితే, భద్రమ్మ తపేలా నిండా పప్పుచారు కాచి పంపింది. చుట్టాలు జుర్రుకుని తాగి వెళ్ళిపోయారు. తపేలా మాత్రం తిరిగి రాలేదు.

భద్రమ్మ ఒకరోజు చూసింది, రెండ్రోజులు చూసింది, మూడోరోజు వెళ్ళి అడిగింది. రత్తమ్మేమో, అదేంటే, మొన్న సాయంత్రమే నా చేత్తో నేనే మీ అరుగు మీద పెట్టొచ్చాను, మీ తలుపు మూసుంది అంది. అయితే తపేలాకి కాళ్ళొచ్చాయా అని ఈవిడ. నీ తపేలా మింగడానికి నాది నీ నోరనుకున్నావా అని ఆవిడ. ఖాళీ తపేలా పంపే ఇల్లు కాదు మాది అని కూడా అంది రత్తమ్మ. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తది. అప్పుడు మాత్రం ఎవరూ చెవినపెట్టలా. మాటకి మాట పెరిగి, ఇద్దరి మధ్యా మాటలు పోయాయి.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్లేదర్రా. ఆ రోజు నుంచీ భద్రమ్మ ఎవరికేం పంపినా కవర్లోనే. పులుసు కవర్లో, పాలు కవర్లో, పచ్చడి కవర్లో, పైన ఒక ముడి. గిన్నె ఇస్తే మింగుతారు, కవరు పోతే ఎవడడిగాడు అనేది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని, భద్రమ్మని చూసి ఊరంతా అదే దారి. ఎవరింటి గిన్నెలు ఎవరింట్లో ఉన్నాయో అక్కడే అటకెక్కాయి. వాళ్ళు మనది ఇస్తే మనం వాళ్ళది ఇద్దాం అని వీళ్ళు, వీళ్ళిస్తే మనమిద్దాం అని వాళ్ళు. కవర్లో వచ్చింది తిరిగి ఇవ్వక్కర్లేదు. ఇవ్వక్కర్లేదు గనక వాళ్ళ గుమ్మం తొక్కక్కర్లేదు. తొక్కక్కర్లేదు గనక బాగున్నావా అనక్కర్లేదు.

గిన్నె పోయి కవరొచ్చె,
కవరొచ్చి కాలవ పూడె,
కాలవ పూడి నీరు నిలిచె,
నీరు నిలిచి దోమ పుట్టె,
దోమ కుట్టి జొరమొచ్చె,
జొరమొస్తే పలకరించే దిక్కు లేకపోయె!

ఏంటా గరగర? చందూ, దిండు కింద చిప్సు పాకెట్టు దాచావా? లేదూ? ఏమో బాబూ, నాకు అనుమానమే. సరే విను.

అలా ఏడేళ్ళు గడిచాయి. ఆ ఊరి కాలవ రోడ్డు కింద తూములోంచి అవతలికి పారేది. ఆ తూములో ఒక దెయ్యం చేరిందని పుకారు. ఎలా తెలిసిందంటే, వానొచ్చి నీళ్ళు జోరుగా పారినప్పుడల్లా లోపల్నుంచి డంగు... డంగు... డంగు అని చప్పుడు. దానికి డంగుదెయ్యం అని పేరు పెట్టారు. అటు పక్కకి పిల్లల్ని పోనిచ్చేవాళ్ళు కాదు, పెద్దాళ్ళూ పోయేవాళ్ళు కాదు. దెయ్యాన్ని ఎవరింటి మీదకి ఎవరు తోలారా అని ఒకళ్ళ మీద ఒకళ్ళకి మళ్ళీ అనుమానం. అడుగో, చందూ నా చెయ్యి పట్టుకున్నాడు. భయం లేదురా, నేనున్నాగా.

అప్పుడే భద్రమ్మ కొడుకు నాగభూషణానికి పెళ్ళయింది. కోడలి పేరు నాంచారి. సన్నగా, చురుగ్గా, ఎదుటివాళ్ళ మొహంలోకి సూటిగా చూసే పిల్ల. వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఇంకా గిన్నెలే తిరిగేవి. కాపురానికొచ్చిన మర్నాడే నూనెకి గిన్నె పట్టుకుని కొట్టుకెళ్ళింది. కొట్టాయనకి అనుమానం. ముందు గిన్నె తూచి, తరవాత నూనె పొయ్యమంటోందే, ఇందులో మతలబేంటి అని గిన్నెని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఇడ్లీ బండికి క్యారేజీ పట్టుకెళ్ళింది. బండాయనకీ అనుమానమే. క్యారేజీకి మూడు గిన్నెలున్నాయి, మూడింటినిండా చట్నీ అడుగుద్దేమోనని చట్నీ బక్కెట్టు వెనక్కి జరుపుకున్నాడు. బజార్లో అందరి చేతుల్లోనూ కవర్లు, ఈ పిల్ల చేతిలో మూతపెట్టిన గిన్నె. ఆ మూత కింద ఏముందో, ఏం మంత్రం వేసుకొచ్చిందోనని చెవులు కొరుక్కున్నారు.

ఒక పండగనాడు నాంచారి పులిహోర కలిపింది. మంచి పులిహోర, ఇంగువ వాసన వీధి చివరిదాకా కొట్టింది. అత్తకీ రత్తమ్మకీ మాటల్లేవని విన్నది గానీ, పండగపూట రెండిళ్ళవతలి మనిషికి పెట్టకుండా ఎలా తింటాం అనుకుంది. ఒక గిన్నెలో పెట్టి రత్తమ్మకిచ్చి వచ్చింది.

రత్తమ్మకీ అనుమానమే. ఏడేళ్ళలో ఏ ఇంటి నుంచీ గిన్నె రాలేదు. వచ్చింది వచ్చింది, శత్రువింటి నుంచే వచ్చింది. ఇందులో మందు కలిపి ఉంటారని, రెండు మెతుకులు తీసి గూట్లో ఉన్న కోడిపెట్టకి వేసింది. పెట్ట రెండు పొడుపులు పొడిచి, కళ్ళు మూసుకుని, రెక్కలు పరిచి కదలకుండా కూర్చుంది. గంటైనా లేవదు, పూటైనా లేవదు. ఇంకేముంది, పెట్టకి మందు ఎక్కింది, నాంచారి చేతబడి చేసే పిల్ల, డంగుదెయ్యానికి దోస్తు అని రత్తమ్మ ఊరంతా టాం టాం వేసింది.

నవ్వుతున్నావా లహరీ? నీకర్థమైపోయిందా? ఆఁ, ఆ పెట్ట పొదుక్కి కూర్చుందే! కింద పదకొండు గుడ్లున్నాయి. పొదిగే పెట్ట లేస్తదా? కోళ్ళని పెంచే మనిషికి ఆ మాత్రం తెలీదా అంటే, తెలుసు. అనుమానం కళ్ళకడ్డం పడితే ఎదురుగా ఉన్న గుడ్డు కూడా కనపడదు.

ఊ కొట్టండర్రా, ఇప్పుడే అసలు సంగతి.

గురువారం నాడు కొండలరావు పంచాయితీ పెట్టాడు. ఊరంతా చేరింది. ఒక పక్క రత్తమ్మ, మందు పెట్టింది పంపించెయ్యండి అంటుంది. ఇంకో పక్క సొంత అత్తే, నాకు తెలీకుండా నా శత్రువింటికి గిన్నె మోసింది, ఇది మా మీద కన్నేసి ఉంచడానికొచ్చింది పంపించెయ్యండి అంటుంది. ఏడేళ్ళలో ఆ ఇద్దరూ కలిసింది ఆ ఒక్క మాట మీదే. నాగభూషణం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అమ్మ ఎదుట వాడికి నోరు పెగల్దు. ఇంకేం, రేపు పొద్దున్నే పిల్లని పుట్టింట్లో దింపి రమ్మన్నాడు కొండలరావు.

పెళ్ళై ఇరవై రోజులు కాలేదర్రా. చేతబడి చేసిందని పంపిస్తే ఆ పిల్ల మొహం ఎవరు చూస్తారు? వాళ్ళమ్మ ఏమైపోతది? నాంచారి మాత్రం ఏడవలా. నెమ్మదిగా, మీరు చెప్పినట్టే వెళతాను గానీ రేపు శుక్రవారం కదండీ, శుక్రవారం నాడు కోడల్ని ఇంట్లోంచి పంపిస్తే లక్ష్మి వెళ్ళిపోద్దంటారుగా అంది.

సభ గతుక్కుమంది. లక్ష్మంటే ఎవరికి భయం లేదు! కొండలరావు మీసం సర్దుకుని, అయితే శనివారం అన్నాడు. నాంచారి ఇంకో మాట అడిగింది. మీ డంగుదెయ్యం నా దోస్తే అంటున్నారు, పోయేముందు దాన్ని కూడా వెంటబెట్టుకుపోతాను, రేపు తూము దగ్గరికి రండి అంది. ఊరికి అందులోనూ ఏదో కిటుకుందని అనుమానమే. అయినా చూడ్డానికి రాకుండా ఉంటారా?

కాస్త ఇటు తిరగనీండి, నడుం పట్టేసింది. ఇదుగో మళ్ళీ గరగర! చందూ, కథయ్యాక దిండు ఎత్తి చూస్తా, చెబుతున్నా.

శుక్రవారం పొద్దున్నే నాంచారి తలస్నానం చేసి, కొంగు దోపి, పొడుగు కర్రకి కొడవలి కట్టి తూము దగ్గర దిగింది. మోకాలి లోతు నల్ల నీళ్ళు. ఊరంతా గట్టు మీద ముక్కులు మూసుకుని నిలబడింది. కొడవలి లోపలికి పెట్టి లాగితే కవరొచ్చింది. మళ్ళీ లాగితే కవరు. పాల కవరు, పచ్చడి కవరు, టిఫిను కవరు, టీ గ్లాసు, కవరు మీద కవరు, కవర్లో కవరు. నాగభూషణం కాసేపు చూసి, చూసి, వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, పంచె ఎగ్గట్టి తనూ దిగాడు. పెళ్ళయ్యాక వాడు చేసిన మొదటి మగపని అదే.

గట్టు మీద గొడవ మొదలైంది. ఆ పచ్చ కవరు మీ ఇంటిది అని ఒకళ్ళు, ఆ నల్ల కవరు మీ ఇంటిది అని ఇంకొకళ్ళు. మాది కాదంటే మాది కాదు. అప్పుడు నాంచారి నడుం ఎత్తి ఒక్క మాటంది. గిన్నెకి పేరుంది కాబట్టి పోతే దొంగతనం అన్నారు, కవరుకి పేరు లేదు కాబట్టి పారేస్తే ఎవరిదీ కాదంటున్నారు అంది.

అంతలో ఏమైందో తెలుసా? పేరున్న కవర్లే వచ్చాయి! కొండలరావు కూతురి పెళ్ళికి ఊరందరికీ తాంబూలాలిచ్చిన కవర్లు. వాటి మీద ఎర్రక్షరాలతో, బండారు కొండలరావు గారింటి శుభకార్యం అని అచ్చేసి ఉంది. గుత్తులు గుత్తులుగా తేలాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కొండలరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇక తప్పదుగా! చెప్పులు విప్పి కాలవలో దిగాడు. ప్రెసిడెంటే దిగాక మిగతావాళ్ళకి మాత్రం ఏం రోగం? కొట్టాయన దిగాడు, ఇడ్లీ బండాయన దిగాడు, ఆడవాళ్ళు బుట్టలందుకున్నారు.

లాగారు, లాగారు, పొద్దు నడినెత్తికొచ్చేదాకా లాగారు. అప్పుడు నాంచారి కొడవలి దేనికో తగిలి, డంగ్!

అమ్మో దెయ్యం అని అందరూ ఒక్క ఉరుకున గట్టెక్కారు. కొండలరావైతే అందరికంటే ముందెక్కాడు. నాంచారి ఒక్కతీ నిలబడింది. దానికి భయం వెయ్యలేదనుకోకండి, వేసింది. కానీ రేపెలాగూ పంపించేస్తారు, దెయ్యం ఇంతకన్నా ఏం చేస్తదిలే అనుకుంది. వంగి, భుజందాకా చెయ్యి లోపలికి పెట్టి, బలం కొద్దీ గుంజింది.

తపేలా వచ్చింది.

మట్టి కొట్టుకుని, సొట్టలు పడి, మూతి నిండా కవర్లు కుక్కుకుపోయి. పైట చెంగుతో అంచు తుడిచింది. చుక్క, చుక్క, చుక్క, భ... ద్ర... మ్మ. అంతే, తూములో నీళ్ళు ఒక్కసారి గళగళమని అవతలికి పారాయి. ఏడేళ్ళ నుంచీ నీళ్ళొచ్చినప్పుడల్లా గోడకి కొట్టుకుని డంగు డంగుమన్నది అదేనర్రా. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

భద్రమ్మ గట్టు దిగొచ్చింది. ఇదుగో, రత్తమ్మే దొంగిలించి, అడిగేసరికి తూములో పారేసిందని అరవబోయింది. నాంచారి మాత్రం తపేలాలో చెయ్యి పెట్టి అడుగున ఉన్న ముడి కవరొకటి తీసింది. ముడి విప్పితే లోపల డజను ఆకుపచ్చ మట్టిగాజులు. ఒక్కటీ పగల్లేదు, ఒక్కదాని రంగూ పోలేదు.

భద్రమ్మ ఆ గాజుల్ని గుర్తుపట్టింది. ఏడేళ్ళ కిందట తిరనాళ్ళలో ఆ గాజులు తనే చూసి, ముచ్చటపడి, ఎందుకులే అని అక్కడే పెట్టేసి వచ్చింది. అప్పుడు పక్కనున్నది రత్తమ్మే. ఖాళీ తపేలా పంపకూడదుగా! పగిలిపోతాయని కవర్లో చుట్టి, ముడేసి, తపేలాలో పెట్టి, మూసి ఉన్న తలుపు ముందు అరుగు మీద పెట్టి వెళ్ళింది. ఆ సాయంత్రమే కుంభవృష్టి. అరుగు కిందే కాలవ. నీళ్ళు అరుగెక్కి తపేలాని పడవలాగా తేల్చుకుపోయి తూములో ఇరికించాయి. ఆ తరవాత వచ్చిన ప్రతి కవరూ దాని వెనకే చేరింది.

"రత్తీ, ఇవి నా కోసం కొన్నావటే?" అంది భద్రమ్మ.

"నీకు కాక ఇంకెవరికే?" అంది రత్తమ్మ.

ఇద్దరూ ఆ బురదలోనే కూర్చుని ఏడ్చారు. ఏడేళ్ళు! ఒకళ్ళింటికి జొరమొచ్చినా ఒకళ్ళు వెళ్ళలేదు. తపేలా కోసం పోగొట్టుకుంది తపేలా కాదర్రా. ఉండండి, కళ్ళు తుడుచుకోనీండి.

ఆ కవరు చూశారా? ఏడేళ్ళు నానినా చిరగలేదు, కుళ్ళలేదు. గాజుల్ని కాపాడిందీ అదే, ఊరిని ముంచిందీ అదే. దాని మంచీ చెడూ రెండూ చావకపోవడమే.

శనివారం సంగతేంటంటావా? భద్రమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, దీన్ని పంపించమన్నవాళ్ళెవరో నా ముందుకి రమ్మంది. ముందు అన్నది తనేనని అందరికీ తెలుసు. అయినా ఎవరూ ముందుకి రాలా. అదే సాయంత్రం ఆ తపేలా చింతపండేసి తోమి, నిండా పప్పుచారు కాచి, రత్తమ్మ ఇంటికి పంపింది. మోసుకెళ్ళింది నాంచారే.

కొన్నాళ్ళకి రత్తమ్మ నాంచారి పులిహోర గిన్నె తిరిగి తెచ్చింది. మూత తీస్తే కియ్ కియ్ కియ్! గిన్నెలో రెండు కోడిపిల్లలు. నువ్వు మందు పెట్టిన పెట్ట పదకొండు పిల్లల్ని చేసిందమ్మా, నీ వాటా రెండు అంది సిగ్గుపడుతూ.

ఇక ఊళ్ళో అటకలన్నీ దిగాయి. ప్రతి ఇంట్లోనూ పక్కింటి గిన్నె, ప్రతి ఇంట్లోనూ ఎదురింటి మూత. దొంగలెవరయ్యా అంటే అందరూ దొంగలే, దొర ఒక్కడూ లేడు. మీరా సాహెబు మీసాలు నెరిసిపోయినా మళ్ళీ సైకిలేసుకొచ్చి టకటకా కొట్టాడు. కొండలరావు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ అందరూ వాడుకునేట్టు కంచాలూ గ్లాసులూ కొని, వాటి మీద తన పేరు కొట్టించబోయాడు. నాంచారి కూడదంది. "తపేళ్ళవరం" అని కొట్టించారు. కొట్టాయన కవర్లు మానేసి, గిన్నె తేనివాళ్ళని ఇంటికెళ్ళి తెచ్చుకోమన్నాడు. వెంటనే అందరూ మారారని చెప్పను, అబద్ధమాడితే నోరు పుండవుద్ది. మొదటి నెలంతా పంపిన గిన్నె వస్తదా రాదా అని గుమ్మంలోంచి తొంగిచూస్తూనే ఉన్నారు. వచ్చేది. ఖాళీగా మాత్రం రాలేదు.

కవరు పోయి గిన్నెవచ్చె,
గిన్నెతోటి కూరవచ్చె,
కూరతోటి మాటవచ్చె,
మాటతోటి నవ్వువచ్చె,
కాలవ పారె, దోమ పారిపోయె!

నీతేంటంటే... ఉండు, ఆ గరగర! ఇప్పుడు పట్టుకున్నా. చందూ, లే, దిండెత్తు. ఏం లేదూ? దుప్పటి దులుపు. ఏం లేదూ? మరి ఎక్కణ్ణుంచే లహరీ? ఏంటీ, నా పరుపు కిందా? ఎత్తకు, ఎత్తకే, అబ్బ, ఎత్తేసింది!

అవా... అవి కవర్లు. శుభ్రంగా మడతపెట్టి దాచుకున్నానే. మార్కెట్టుకెళ్ళినప్పుడల్లా పనికొస్తాయిలే అని. ఎన్నేళ్ళ నుంచంటే ఏం చెప్పను? లెక్కపెట్టకు, పరువు పోద్ది. నేను ఇటు కదిలినప్పుడల్లా అవే చప్పుడు చేస్తున్నాయా? అయ్యో.

ఇట్రా చందూ, దగ్గరికి రా. ఇందాకట్నుంచీ నిన్ను దొంగని చేశాను గదరా నాయనా. నోట్లో కథ, పరుపు కింద కవర్లు, అనుమానం నీ మీద. తప్పు నాదే. నీతి ఇంకేం చెప్పక్కర్లేదు, మీరే చూశారు. రేపణ్ణుంచి కూరగాయలకి ఈ కవర్లే పట్టుకెళదాం, ఇవి చిరిగేదాకా ఇవే. కొత్త కవరు ఒక్కటి గుమ్మం దాటి లోపలికొస్తే మీరు నన్నడగండి, నేను మిమ్మల్నడుగుతా.

కథ కంచికెళ్ళింది, తపేలా భద్రమ్మింటికెళ్ళింది. మనం ఇంట్లోనే ఉన్నాంగా, ఇంకెక్కడికీ పోనక్కర్లేదు. ఆ పరుపు సరిగ్గా వెయ్యండి. ఆఁ, ఇప్పుడు చప్పుడు లేదు. పడుకోండర్రా.